వీడ్కోలుకు సున్నా మార్కులు

నాకు స్పానిష్ నేర్పిన మనిషంటే నాకు ఈరోజుకీ పడదు. ఆ మాట చెప్పుకోవడానికి సిగ్గు కూడా లేదు. గురువును పల్లెత్తు మాట అనకూడదంటారు. అలా అన్నవాళ్లు ఎవరూ మా ట్రైనర్ సారు క్లాసులో కూర్చుని ఉండరు.

కండ్లకోయలో హైవే పక్కనున్న ఐటీ పార్కులో మూడో అంతస్తు మా ఆఫీసు. స్పెయిన్‌లో ఇళ్లలో మంచాన పడ్డవాళ్లకు ఆక్సిజన్ మిషన్లు అద్దెకిచ్చే కంపెనీ ఒకటుంది. ఆ మిషను మొరాయిస్తే అక్కడి ముసలివాళ్లు చేసే ఫోన్ మా దగ్గర మోగుతుంది. వాళ్లకు తెల్లవారేసరికి మాకు మధ్యాహ్నం అవుతుంది. ఇంగ్లీషు బాగా వచ్చిన పన్నెండు మందిని ఏరి, ఎనిమిది నెలలు స్పానిష్ నేర్పి, హెడ్‌ఫోన్లు పెట్టి కూర్చోబెట్టారు. తర్వాత ప్రొబేషన్. దాటితే పర్మనెంటు, దాటకపోతే ఇంటికి.

నాకు ఇంటికి అంటే ఇంటికి కాదు. ఈ ఉద్యోగానికి ముందు రెండేళ్లు శామీర్‌పేట దగ్గర ఒక మందుల కంపెనీలో ప్యాకింగ్ లైన్‌లో నిలబడ్డాను. ఊరికే అనడం లేదు, ఆ లైనులో కుర్చీలుండవు. తలకు టోపీ, మూతికి మాస్కు, ముందు బెల్టు మీద ఆగకుండా వచ్చే అట్టపెట్టెలు. మా అమ్మ ఇంకా అక్కడే నిలబడుతోంది. సాయంత్రానికి ఆమె కాళ్లు వాచి చెప్పులు పట్టవు. ఇక్కడ ఫెయిలయితే నేను మళ్లీ ఆ బెల్టు దగ్గరికే, అమ్మ పక్కకే పోవాలి.

మా గౌడవెల్లి చర్చిలో పాస్టరుగారు ప్రతి ఆదివారం నా గురించి ప్రార్థన చేయించేవారు. "మన బిడ్డ నౌకరి పర్మనెంట్ కావాలె ప్రభువా" అని ఆయన అంటే సంఘమంతా ఆమెన్ అనేది. షుగరు ఉన్నవాళ్లు, కిడ్నీలో రాళ్లున్నవాళ్లు, వాళ్ల వెనకాల నా ప్రొబేషన్. నేను ఫెయిలయితే దేవుడికే మాట వచ్చేలా ఉండింది పరిస్థితి.

ట్రైనర్ సారుకు నలభై దాటాయి. మాడ్రిడ్‌లో మూడేళ్లు ఉండి వచ్చాడు. ఆ మూడేళ్ల గురించి మాకు ముప్పై ఏళ్లకు సరిపడా చెప్పాడు. ఆయన తెలుగు మాట్లాడితే టీవీలో వార్తలు చదువుతున్నట్టు ఉండేది. మీదే ఊరు సార్ అని ఎవరైనా అడిగితే "హైదరాబాద్" అని ఊరుకునేవాడు. నేను "వస్తున్న సార్" అంటే చాలు, "వస్తున్నాను. ఆ చివరి అక్షరం దారిలో పడిపోయిందా?" అనేవాడు. క్లాసు నవ్వేది. నేనూ నవ్వేదాన్ని, లోపల పళ్లు కొరుక్కుంటూ.

పాఠం మాత్రం బాగా చెప్పేవాడు. ఇది ఒప్పుకోక తప్పదు. మా అందరి జబ్బూ ఒకటే, ఇంగ్లీషులో ఆలోచించి స్పానిష్‌లోకి దించడం. ప్రతి మాటకూ ముందొక ప్లీజు, వెనకొక థాంక్యూ తగిలించేవాళ్లం. "అక్కడ హోటల్లోకి వెళ్లి 'నాకు ఒక కాఫీ దొరికే అవకాశం ఉందా' అని అడిగితే మీ వంక జాలిగా చూస్తారు. 'ఒక కాఫీ పెట్టు' అంటారు వాళ్లు. అందులో పొగరేం లేదు" అని చెప్పేవాడు. మిగతావాళ్లు దాన్ని నోట్సులో రాసుకునేవారు. మేడ్చల్ బస్టాండులో మేము పుట్టినప్పటి నుంచీ "అన్నా, ఒక చాయ్ ఇయ్యి" అనే బతుకుతున్నాం కాబట్టి నేను రాసుకోలేదు. ఫోనెత్తగానే వాళ్లు "దీగామె" అంటారు, అంటే చెప్పండి అని. మా నాయిన ఫోనెత్తినా "చెప్పుండ్రి" అనే అంటాడు. ముక్కూ మొహం తెలియని ముసలమ్మలు నన్ను "ఇహా" అనేవారు, బిడ్డా అని. ఇంగ్లీషు మీడియం పట్నం పిల్లలు దానికి కంగారుపడేవారు. నాకు మాత్రం ఆ భాష బంధువులింటికి పోయినట్టే ఉండేది.

వీడ్కోలు పాఠం ఒక్కటే రెండు రోజులు సాగింది. "ఆదియోస్ అంటే గుడ్ బై అని మీ ఫోన్లలో ఉంటుంది. కానీ అక్కడ వీధిలో ఎదురుపడి, ఆగి మాట్లాడే తీరిక లేనప్పుడు కూడా ఆదియోస్ అనుకుంటూ దాటిపోతారు. ఆస్తా లుయేగో అంటే మళ్లీ కలుద్దాం అని. లిఫ్టులో పక్కన నిలబడ్డ అపరిచితుడికి కూడా చెబుతారు, అతన్ని జన్మలో మళ్లీ చూడకపోయినా సరే. ఫోన్ అయితే ఠక్కున పెట్టేయరు. బాలె, బాలె, సరే మరి, సరే సరే, అంటూ నాలుగుసార్లు సాగదీసి పెడతారు. ఏమీ చెప్పకుండా వెళ్లిపోయేవాడిని ఫ్రెంచివాడిలా పోయాడు అని ఎగతాళి చేస్తారు." చెప్పి, నావైపు తిరిగి, "మీ వైపు ఎలా పోతారో మరి" అన్నాడు. మళ్లీ నవ్వులు.

ప్రొబేషన్‌లో ఇంకా రెండు నెలలున్నాయనగా ఆ కాల్ వచ్చింది. పెద్దావిడ గొంతు. నా చెవికి మా అవ్వ మాట్లాడినట్టే వినిపించింది కాబట్టి అలాగే రాస్తాను.

"మా ఆయన పోయిండు బిడ్డా. నాలుగు దినాలైంది. మీ మిషను తీస్కపోవాలె."

ఆమె వెనక మిషను బుస్సుబుస్సుమనే చప్పుడు వినిపిస్తోంది. మనిషి పోయి నాలుగు రోజులైతే మిషను ఇంకా నడుస్తోందేమిటని మెల్లగా అడిగాను.

"బందు వెడితే ఇల్లు మూగవోతాంది" అంది.

ఇంగ్లీషులోంచి వచ్చినవాళ్లు ఇలాంటప్పుడు "లో సియెంతో" అని సారీ చెప్పి తర్వాతి ప్రశ్నకు పోతారు. అక్కడి వాళ్లు ఇంకో మాట వాడతారు, మీ బాధలో మీ వెంట ఉన్నాను అని. నేను అదే అన్నాను.  తర్వాత గురువారం మనిషిని పంపే ఏర్పాటు చేశాను, చిరునామా సరిచూశాను. "గ్రాసియాస్, ఇహా" అంది. అంటే థాంక్స్ బిడ్డా అని.

ఇక మిగిలింది స్క్రిప్టు. ఇంకేమైనా సాయం కావాలా, మీ రోజు బాగుండాలి, ఆస్తా లుయేగో. నోరు రాలేదు.

మా వైపు చావు జరిగిన ఇంట్లో పోయొస్త అనరు. కూర్చున్నంతసేపు కూర్చుని, లేచి, ఎవరి మొహమూ చూడకుండా నడిచిపోవాలి. మళ్లీ వస్తానంటే ఆ ఇంట్లో ఇంకో చావుకు వస్తానన్నట్టు. నాకు ఏడెనిమిదేళ్లప్పుడు తెలియక పక్కింటి పెద్దమ్మతో "పోయొస్తం" అన్నాను. మా అవ్వ నా తొడ మీద పెట్టిన పాశం ఎర్రగా కంది రెండు రోజులు ఉంది. మేము యేసయ్యను నమ్ముకున్నాక ఇంట్లో చాలా పద్ధతులు పోయాయి గానీ ఇది పోలేదు. ఆ స్పెయిన్ ముసలమ్మకు మళ్లీ కలుద్దాం అని ఎలా చెప్పను? ఒక క్షణం అలాగే ఉండి, బటన్ నొక్కేశాను.

మాకు వారానికోసారి కాల్స్ వినే మీటింగు ఉంటుంది. కాల్‌కు ఒక ఫారం ఉంటుంది. పలకరింపుకు ఇన్ని మార్కులు, పరిష్కారానికి ఇన్ని, వీడ్కోలుకు ఇన్ని. కొన్ని తప్పులను ఫాటల్ అంటారు. ఒక్క ఫాటల్ పడితే మిగతాదంతా ఎంత బాగున్నా ఆ కాల్‌కు సున్నా. వీడ్కోలు చెప్పకుండా పెట్టేయడం ఫాటల్.

సారు నా కాల్‌ను అందరి ముందు పెద్ద స్పీకర్లో పెట్టాడు. ఆ ముసలమ్మ గొంతు, మిషను చప్పుడు, అందరం విన్నాం. చివర ఆ ఖాళీ వచ్చినప్పుడు ఆపి, వెనక్కి తిప్పి, మళ్లీ వినిపించాడు. మూడోసారి కూడా.

"ఏమిటిది? ఆమె థాంక్స్ చెప్పింది. నువ్వు మొహం మీద ఫోన్ పెట్టేశావు."

"సార్, సావైన ఇంట్ల పోయొస్త అనరు సార్."

ఎవరో కిసుక్కుమన్నారు. సారు కుర్చీలో వెనక్కి వాలాడు.

"సావైన ఇల్లా? ఇది కస్టమర్ కేర్ తల్లీ, గౌడవెల్లి కాదు. ఇలాంటి ఆచారం ఒకటుందని నేను జన్మలో వినలేదు. మీ ఊరి పద్ధతులు గేటు బయట చెప్పులతో పాటు వదిలి రా."

ఫారంలో సున్నా వేశాడు. నా కన్‌ఫర్మేషన్ ఆపాడు. నెల తర్వాత ఇంకో పరీక్ష, అది కూడా ఆయనే పెడతాడు, అందులో ఇంకో ఫాటల్ పడితే ఇంటికి. అంతటితో కడుపు నిండలేదు. ఆ నెలంతా షిఫ్టు మొదలయ్యే ముందు రోజూ నేను లేచి నిలబడి, వీడ్కోలు మాటలన్నీ పదిసార్లు అప్పజెప్పాలన్నాడు. అందరూ వింటుండగా చెప్పాలి, చిరునవ్వుతో చెప్పాలి. నవ్వు లేకపోతే లెక్కలోకి రాదు. ఇరవై రెండేళ్లు దాటిన మనిషిని, ఒకటో తరగతిలో ఎక్కాలు చెప్పినట్టు నిలబడి చెప్పాను.

ఇంట్లో చెప్పలేదు. ఆదివారం పాస్టరుగారు ప్రార్థన మొదలుపెడితే కళ్లు మూసుకుని బల్ల అంచు గట్టిగా పట్టుకునేదాన్ని. ప్రార్థనలో అడక్కూడనివి నేను సారు గురించి ఏమేం అడిగానో ఇక్కడ రాయను.

ఇక్కడ ఒక నిజం చెప్పాలి. స్పానిష్ పాఠంగా చూస్తే ఆయన చెప్పిందే సరైనది. ఆ ముసలమ్మకు మా ఆచారం ఏం తెలుసు? మంచిగా మాట్లాడిన పిల్ల చివర్లో ఒక్క మాటైనా లేకుండా పెట్టేసిందని నొచ్చుకునే ఉంటుంది. ఈ సంగతి నన్ను పక్కకు పిలిచి ఒక్కమాట చెబితే నాకు అర్థమయ్యేది. స్పీకర్లో పెట్టాల్సిన పని లేదు.

నెల పూర్తికావడానికి ఇంకా వారం ఉందనగా ఆఫీసు గ్రూపులో మెసేజ్ వచ్చింది. ట్రైనర్ సారు తండ్రిగారు కాలం చేశారు, మూడో రోజు అందరం కలిసి వెళ్దాం. కింద అడ్రసు. నేను ఆ అడ్రసును రెండుసార్లు చదివాను. అత్వెల్లి. మా ఊరి నుంచి స్కూటీ మీద కాసేపటి దారి.

మధ్యాహ్నం పూట వెళ్లాం. రోడ్డు మీద టైర్ల షాపులు దాటి లోపలికి తిరిగితే రేకుల వాకిలి, దాని ముందు షామియానా, ప్లాస్టిక్ కుర్చీలు. సారు మాసిన లుంగీలో, భుజం మీద తువ్వాలతో నిలబడి ఎవరికో చెబుతున్నాడు. "కాకా, గా కుర్సీలు ఇటెయ్యి. వొచ్చినోళ్లు నిలవడ్డరు. జల్దీ." అది ఆయన గొంతే. చివరి అక్షరాలన్నీ దారిలోనే పడిపోయాయి. టీవీ వార్తలు ఎటు పోయాయో తెలియదు.

వాళ్లమ్మ లోపల చాప మీద గోడకు ఆనుకుని కూర్చుంది. మేము ఆమె ముందు కాసేపు కూర్చున్నాం.  తర్వాత మా టీమ్ లీడర్ లేచింది. ఆమెది పట్నం, ఈ పద్ధతులు తెలియవు. చేతులు జోడించి, "సార్, మేం వెళ్లొ..." అని మొదలుపెట్టిందో లేదో, సారు గబుక్కున చెయ్యెత్తాడు.

"అనొద్దమ్మా. సావైన ఇంట్ల గట్ల అనొద్దు. ఊకనే లేసి పోవాలె."

 జన్మలో వినలేదన్న మనిషి. అందరి ముందు నన్ను వెర్రిదాన్ని చేసిన మనిషి. నేను ఫోన్ ఎందుకలా పెట్టానో మొదటిసారి విన్నప్పుడే ఆయనకు తెలుసు. తెలిసే మూడుసార్లు తిప్పి వినిపించాడు. తెలియక చేసినవాణ్ని ఏమైనా అనుకోవచ్చు గానీ, తెలిసి చేసినవాణ్ని ఏం చేయాలి?

అందరూ తలలు వంచుకుని బయటికి నడిచారు. నేను నడవలేదు. ఆయన ఎదుటికి పోయి నిలబడ్డాను. ఆయన ఆ నెలంతా నాతో చెప్పించిన మాటల్నే, అదే వరసలో, స్పష్టంగా, చిరునవ్వుతో సహా స్పానిష్‌లో చెప్పాను. ఇంకేమైనా సాయం కావాలా సార్? మీ రోజు బాగుండాలి. ఆస్తా లుయేగో.

కుక్క కాటుకు చెప్పుదెబ్బ అనుకున్నాను. ఆయన మొహంలో రక్తం ఒక్కసారిగా దిగిపోయింది. చూసి సంతోషపడ్డాను. అబద్ధం ఆడను, మస్తు సంతోషపడ్డాను.

అప్పుడు చాప మీది నుంచి గొంతు వినిపించింది.

"ఏమంటాంది కొడుకా గా పిల్ల?"

ఆయన నా మొహంలోకి చూశాడు. ఇప్పుడు ఆయన ఉన్నదున్నట్టు చెబితే ఆ ముసలామె నన్ను శపించినా తప్పులేదు. ఆ వాకిట్లో ఉన్నవాళ్లు నన్ను రోడ్డు దాకా తరిమినా తప్పులేదు. మా ఊళ్లో కూడా తెలుస్తుంది, అమ్మ తలెత్తుకోలేదు. ఇదంతా నాకు అప్పుడే తట్టింది, మాట బయటికి పోయాక.

"మంచి మాటనే అమ్మా" అన్నాడు ఆయన. "ధైర్యంగ ఉండుమంటాంది. మేం నేర్పే భాషల చెప్తాంది."

"ఇటు రా బిడ్డా" అని ఆమె చెయ్యి చాపింది. నేను పోయి మోకాళ్ల మీద కూర్చున్నాను. ఆమె నా రెండు చేతులూ పట్టుకుంది. చేతులు పొడిగా, గరుకుగా ఉన్నాయి. "ఏ ఊరు మీది?"

"గౌడవెల్లి, అవ్వా."

"పక్కూరి పిల్లనే గదరా. ఎన్నడు జెప్పకపోతివి." అని కొడుకు వంక చూసి, మళ్లీ నాతో, "మావోడు మంచిగ నేర్పుతడా బిడ్డా? వానికి కోపం జర ఎక్వ. వాళ్ల నాయినకు గుడ గట్లనే ఉండె" అంది.

సారు నా వెనకాలే నిలబడి ఉన్నాడు. "నేర్పుతడవ్వా" అన్నాను. ఇంకేం అనను?

"నీ నోరు సల్లగుండ. గంత దుక్కంల గుడ మంచి మాట అంటివి" అని ఆమె నా తల మీద చెయ్యి పెట్టింది. నేను లేచి, ఎవరి మొహమూ చూడకుండా బయటికి నడిచాను. 

పదకొండో రోజు దాటాక ఆయన గుండుతో ఆఫీసుకు వచ్చాడు. ఆయన లేక వాయిదా పడ్డ నా పరీక్ష ఆ వారమే. గదిలో ఇద్దరమే. బెల్టు దగ్గరికి మానసికంగా ఎప్పుడో పోయాను. అమ్మకు ఏం చెప్పాలో కూడా స్కూటీ మీద అనుకుంటూ వచ్చాను. ఆయన నా కాల్ ఒకటి పెట్టి, మొత్తం విని, ఫారం నింపాడు. దాన్ని నావైపు తోశాడు. అన్ని గడులకూ మార్కులున్నాయి, వీడ్కోలుకు పూర్తి మార్కులున్నాయి. కింద కన్‌ఫర్మ్ అని రాసి సంతకం చేశాడు.

నాకు సంతోషం రాలేదు, కోపం వచ్చింది. ఇదేమిటి, దానమా? లంచమా? నన్ను తీసేసి ఉంటే ఆయన ఎలాంటివాడో నేను అనుకున్నది నిజమయ్యేది. ఆ హాయి కూడా నాకు మిగల్చలేదు.

"సార్, ఆ దినం..." అన్నాను.

"ఆ దినం నువ్వన్నదాంట్ల ఒక్క తప్పు లేదు" అన్నాడు ఆయన. ఆఫీసులో ఆ యాసలో ఆయన మాట్లాడటం నేను వినడం అదే మొదలు. పెన్ను మూత పెట్టి, జేబులో పెట్టుకుని, నావైపు చూడకుండా, "అమ్మ నిన్ను యాది చేస్తాంది. గా గౌడవెల్లి పిల్ల మల్ల రాలేదా అని దినాం అడుగుతాంది. ఏం జెప్పమంటవు?" అన్నాడు.

 కాగితం మడిచి బ్యాగులో పెట్టుకున్నాను. ఆదివారం పాస్టరుగారు నన్ను ముందుకు పిలిచి సాక్ష్యం చెప్పమన్నారు. ప్రభువు నాకు పర్మనెంట్ ఉద్యోగం ఇచ్చాడని చెప్పాను. అమ్మ ఏడ్చింది. ఏడాది దాటింది ఇదంతా జరిగి. సారూ నేనూ ఒకే అంతస్తులో పనిచేస్తాం, పని మాట తప్ప వేరే మాట లేదు. ఇప్పటికీ ఆయనంటే నాకు పడదు. అత్వెల్లి మీదుగా ఎన్నిసార్లో పోయాను. టైర్ల షాపుల దగ్గర స్కూటీ నెమ్మది చేస్తాను. లోపలికి మాత్రం ఇంతవరకూ తిప్పలేదు.